గొట్టంలో మిగిలిన మందు

క్లేటన్ దట్టించే కర్రను తుపాకి గొట్టంలోకి జారవిడిచాడు. ఖాళీ గొట్టమైతే కర్ర అడుగునున్న ఇనుముకు తగిలి ఖంగుమనాలి. అలా అనలేదు. మెత్తగా దేనికో తగిలి ఆగిపోయింది. కర్ర మీద ఎల్విన్ కత్తితో గీసుకున్న గీతలు రెండున్నాయి. పై గీత గొట్టం మూతి దాకా దిగితే తుపాకి ఖాళీ. కింది గీత దగ్గరే ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నట్టు. క్లేటన్ కళ్ళద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చూశాడు.

"లియోనా, ఇది దట్టించే ఉంది," అన్నాడు.

లియోనా పొయ్యి దగ్గర కాఫీ వంచుతోంది. కప్పు నిండేదాకా వంచి, చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చింది.

"ఎప్పటిది?"

"ఎప్పటిదేముంది. డిసెంబరులో వాడు పెట్టిందే."

చెకుముకి తుపాకులతో వేటాడే సీజను క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి సగం దాకా ఉంటుంది. ఆ మూడు వారాలూ ఆ లోయలో ఏ ఇంట్లో చూసినా తుపాకులు ఇలాగే ఉంటాయి. సాయంత్రం అడవినుంచి వచ్చి, గొట్టం పక్కనున్న చిన్న చిప్పలోంచి రంజకం, అంటే నిప్పురవ్వ పడి ముందుగా మండే మందుపొడి, దులిపేస్తే చాలు, చట్టం లెక్కలో అది ఖాళీ తుపాకే. గొట్టంలోని మందూ గుండూ మర్నాటికి పనికొస్తాయి. ఎల్విన్ కూడా డిసెంబరు ఇరవైతొమ్మిదిన రంజకం తుడిచి, తుపాకిని వంటింటి గుమ్మం పైనున్న కొయ్యమేకులకు తగిలించాడు. మర్నాడు పొద్దున కొట్టంలో పుల్లలు చీలుస్తూ మొద్దు మీదికి ఒరిగిపోయాడు. గుండె అన్నారు డాక్టర్లు. అప్పటినుంచీ లియోనా ఆ గుమ్మం కిందనుంచే బడికి వెళ్ళి వస్తోంది. తుపాకి మీది దుమ్ము రెండుసార్లు తుడిచింది కూడా. లోపల ఏముందో తట్టనే లేదు.

వచ్చే శనివారం క్లబ్బులో ఆ ఏడాదికి మొదటి పోటీ. కిందటి పోటీల తర్వాత ఎవరైనా పోతే, ఆ రోజు వాళ్ళ తుపాకిని ఇంట్లోవాళ్ళు వరసలో నిలబడి ఒక్కసారి కాలుస్తారు. చివరి గుండు అంటారు దాన్ని. అది పేలాకే మిగతావాళ్ళు తుపాకులు పైకెత్తుతారు. ఎల్విన్‌కి పిల్లలు లేరు. లియోనాయే కాల్చాలి. తుపాకి ఎలా ఉందో ముందుగా చూసి పోదామని వచ్చాడు క్లేటన్. ఎల్విన్‌తో కలిసి బడికి వెళ్ళినవాడు, కలిసి రంపపు మిల్లులో పనిచేసినవాడు.

"మరేం ఫర్వాలేదు," అన్నాడు. "గుండులోకి మర తిప్పి లాగేస్తాను. గొట్టం కడిగి నూనె రాస్తాను. శనివారం నా మందుతో కొత్తగా దట్టిద్దాం. పది నిమిషాల పని."

"వద్దు."

"ఏం?"

"ఆయన చేత్తో పెట్టిన గుండు అది. అదే కాలుస్తాను."

"మూడున్నర నెలల మందు, లియోనా. చెమ్మ పట్టి ఉంటుంది. నలుగురిలో పేలకపోతే ఏం బాగుంటుంది?"

"పేలకపోతే అప్పుడు చూద్దాం."

"నువ్వు మొండిదానివని ఎల్విన్‌గాడు చెప్తుంటే నమ్మేవాణ్ణి కాదు."

"ఆయన అలా అనడు. ఆయన అన్నాడని నువ్వు చెప్పేవన్నీ నువ్వు కల్పించినవే."

క్లేటన్ నవ్వబోయి ఊరుకున్నాడు. కప్పును బల్ల మీద అటూ ఇటూ తిప్పాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచి, ఆ నోటితోనే కాఫీ తాగేశాడు. వెళ్ళేటప్పుడు మళ్ళీ గుమ్మం దగ్గర ఆగాడు.

"నా మాట విని పీకించెయ్యి."

"సూపు పెద్ద గిన్నె నేను తెస్తానని డోరిస్‌కి చెప్పు," అంది లియోనా.

డోరిస్ అతని భార్య. ఆమె సూపు ఇంట్లో కాచి పంపుతుందేగాని క్లబ్బు మైదానానికి రాదు. ఇరవై ఏళ్ళుగా రావడం లేదు.

క్లేటన్ వెళ్ళాక లియోనా అలమరలోంచి ఎల్విన్ నోటుపుస్తకం తీసింది. తన బడిలో మిగిలిపోయిన నోటుపుస్తకాల్లో ఒకటి అతనికిచ్చింది. అడ్డంగా, నిలువుగా గీతలు కొట్టుకుని అడవికి వెళ్ళిన ప్రతిరోజూ ఒక వరస రాసుకునేవాడు. తేదీ, గాలి, మందు, గుండు, ఏమైంది. పదిహేడేళ్ళ వరసలున్నాయి. చివరిది చూసింది. డిసెంబరు 29. పడమటి గాలి. ఏమైంది అన్నచోట, "ఏమీ కనపడలేదు." మందు అన్నచోట ఏమీ రాయలేదు. ఆ గడి ఎల్విన్ ఎప్పుడూ ఖాళీగా వదలడు. ఏ డబ్బాలోది, ఎంత కొలత, అన్నీ రాస్తాడు. అలసిపోయి ఉంటాడనుకుంది. జనవరిలో చూసినప్పుడూ అలాగే అనుకుంది.

క్రిస్మస్‌కు ముందు అతనికి రొమ్ముపడిశం పట్టింది. చెకుముకి తుపాకులకు వాడే అసలు తుపాకిమందు అమ్మే ముసలాయన రెండు కొండలవతల, కారులో గంటన్నర దూరంలో ఉంటాడు. నిప్పు భయానికి దాన్ని నిలవ పెట్టడానికి సవాలక్ష నిబంధనలు. ఊళ్ళో దుకాణాలు దాని జోలికి పోవు. ఎల్విన్ డబ్బా అడుగంటింది. ఆ దగ్గుతో, ఆ మంచులో అంతదూరం వెళ్తానంటే లియోనా ఒప్పుకోలేదు. బడినుంచి వస్తూ ఊళ్ళో వేటసామాన్ల దుకాణంలో అడిగింది. కౌంటరు దగ్గర కుర్రాడు ఒక సీసా తీసి ముందు పెట్టాడు. "మూతిలోంచి దట్టించే తుపాకులకేగా? ఇదే ఇప్పుడు అందరూ వాడేది. కొలత కూడా అదే," అన్నాడు. ఆమె ఎర్ర రిబ్బను కట్టించి తెచ్చి క్రిస్మస్ చెట్టు కింద పెట్టింది.

క్రిస్మస్ రోజు పొద్దున ఎల్విన్ సీసాను చేతిలో తిప్పి చూశాడు. చదవడానికి కళ్ళకు దూరంగా పట్టుకున్నాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు.

"ఇంకేం. ఈ సీజను గడిచిపోయినట్టే," అన్నాడు. రిబ్బను విప్పి పారెయ్యకుండా తన మందు పోసుకునే కొమ్ము తాడుకు కట్టుకున్నాడు.

*

శనివారం నేల బురదగా ఉంది. అగ్నిమాపక కేంద్రం వెనక మైదానంలో గడ్డి మీద చెక్కలు పరిచారు. ఎదురుగా గుండ్లు ఆగడానికి పోసిన మట్టికట్ట ఉంది. వంటశాల కిటికీలో కోడిమాంసం, మొక్కజొన్న సూపు ఆవిర్లు కక్కుతోంది. అంచులకు తోలు కుచ్చులు వేలాడే కోట్లతో ఇరవైమంది దాకా ఉన్నారు. వాళ్ళలో సగంమంది లియోనా దగ్గర నాలుగో తరగతి చదివినవాళ్ళే. టోపీలు తీసి పలకరించారు. కర్ర హారీ కుర్చీ తెచ్చి వేశాడు. ముప్పై ఏళ్ళ కిందట గొట్టంలోంచి దట్టించే కర్ర తియ్యడం మర్చిపోయి కాల్చాడు హారీ. అది వెళ్ళి అవతలి పొలంలో దిగబడింది. ఆ రోజునుంచీ అతని ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు. ఆ క్లబ్బులో ఒక్కసారి పొరపాటు చేస్తే చాలు, పేరు పెట్టేస్తారు. చచ్చేదాకా అదే పేరు.

వరసలో ఎల్విన్ చోటు ఖాళీగా ఉంచారు. లియోనా తుపాకి పట్టుకుని అక్కడికి వెళ్ళింది. పెళ్ళయిన కొత్తలో ఎల్విన్ ఆమెకు కాల్చడం నేర్పాడు. చేతులకు ఇంకా గుర్తుంది. క్లేటన్ పక్కన నిలబడి, ఎల్విన్ సొంత కొమ్ములోంచే చిప్పలో చిటికెడు రంజకం పోశాడు. చిన్న కొమ్ము అది, రంజకానికి విడిగా వాడేది. అందులో అసలు మందే ఇంకా నాలుగైదు చిటికెలు మిగిలి ఉంది.

"భుజానికి గట్టిగా ఆనించు. కట్ట వైపు," అన్నాడు.

ఆమె ట్రిగ్గర్ నొక్కింది. రాయి ఉక్కును కొట్టింది. చిప్పలో రంజకం భగ్గుమంది. తెల్లటి పొగ చెంప పక్కనుంచి లేచింది.

అంతే. గొట్టం పలకలేదు.

"కదలకు. కట్ట వైపే పట్టుకో," అన్నాడు క్లేటన్. ఒక్కోసారి లోపల నిప్పు నిదానంగా అంటుకుని తర్వాత పేలుతుంది. అందుకని నిమిషం పాటు అందరూ అలాగే నిలబడ్డారు. నిమిషం దాటింది. చిప్పలోని నిప్పు గొట్టంలోకి పోయే సన్నటి రంధ్రాన్ని క్లేటన్ సూదితో పొడిచి, మళ్ళీ రంజకం పోశాడు. మళ్ళీ భగ్గుమంది. మళ్ళీ ఏమీ లేదు.

వరస చివరనుంచి డ్వేన్ గొంతు వినిపించింది.

"ఏంటి క్లేటన్, ఎల్విన్ మందనుకుని వంటింట్లో ఉప్పు దట్టించాడా?"

ఒకరిద్దరు నవ్వి, వెంటనే ఆపేశారు. డ్వేన్ మొహం కందగడ్డలా అయింది. పరుగున వచ్చాడు.

"టీచర్, క్షమించండి. అలవాటుగా నోరు జారింది."

"ఫర్వాలేదు డ్వేన్. నాలుగో తరగతిలోనూ నీకు అదే పని."

అతను ఊరుకోలేక వంగి చిప్పలోకి చూశాడు. "రంజకం బాగానే మండింది. రంధ్రమూ శుభ్రంగానే ఉంది. మరి ఇదేమిటి... టీచర్, ఇది ఆ సీసా మందు కాదుగదా? దుకాణాల్లో అమ్ముతారే, అసలుదానికి బదులు వాడేది? అది సుత్తి దెబ్బకు పేలే టోపీ పెట్టే తుపాకులకైతే సరే. చెకుముకి రవ్వకు దాని తల్లి కూడా అంటుకోదు. పెద్ద వేడి కావాలి దానికి. ఎల్విన్‌కి తెలియనిదా, ఆయన ఎందుకు..."

"నువ్వు నోరు మూసుకుని నీ చోటుకి పో," అన్నాడు క్లేటన్.

లియోనా క్లేటన్ వైపు చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా పిల్లల మొహాలు చూస్తోంది. తెలిసి చెప్పనివాడెలా ఉంటాడో ఆమెకు తెలుసు.

"నీకు తెలుసు," అంది.

క్లేటన్ తుపాకిని ఆమె చేతిలోంచి తీసుకుని, మూతి కట్ట వైపే ఉండేలా బల్ల మీద ఆనించి ఉంచాడు. చేత్తో దాన్ని అలాగే పట్టుకుని మాట్లాడాడు.

"ఆ రోజు వాగుకి ఇవతలి గట్టు మీద నేనున్నాను. వాడు అవతల. మగజింక వచ్చింది. మంచిది. వాడికి నలభై అడుగులు కూడా లేదు. చిప్ప పొగ చూశాను. మోత లేదు. జింక తలెత్తి చూసింది గాని పారిపోలేదు. వాడు మళ్ళీ రంజకం పోశాడు. మళ్ళీ పొగ. అప్పుడది నడుచుకుంటూ పోయింది. నడుచుకుంటూ, లియోనా. వాడు వెళ్ళి దుంగ మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు."

"నువ్వు వెళ్ళలేదా?"

"లేదు. నవ్వుకున్నాను. శనివారం అందరిముందూ ఏడిపిద్దామని దాచుకున్నాను." అతను ముక్కు తుడుచుకున్నాడు. "శనివారం మనం చర్చిలో ఉన్నాం."

లియోనా చిప్ప మీది మసిని బొటనవేలితో తుడిచింది.

"నా దగ్గర డబ్బాడు అసలు మందుంది. ముందు అది కొలతలో కొంత అడుగున పోసి, దానిమీద ఆ సీసాది పోస్తే పేలేది. అడుగుది ముందు అంటుకుని పైదాన్ని అంటిస్తుంది. ఆ సంగతి నాకు నేర్పిందే వాడు. ఒక్క మాట అడిగితే కొమ్ముడు పోసేవాణ్ణి. నన్నెందుకు అడగలేదో ఇప్పటికీ అర్థం కాదు."

లియోనాకు అర్థమైంది. అడిగితే ఎందుకని అంటాడు క్లేటన్. ఎందుకో చెప్పాలి. చెబితే మర్నాటికి క్లబ్బంతా తెలుస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట డోరిస్, గుండుకు చుట్టే గుడ్డపేలికలు ఉతికి, మంచిదనుకుని గంజి పెట్టింది. అవి అట్టల్లా అయి గొట్టంలోకి దిగలేదు. గంజి డోరిస్ అన్నారు. ఆ పేరు పెట్టింది క్లేటనే, కట్టుకున్నవాడే. డోరిస్ ఏడాదిపాటు వాళ్ళతో కలిసి నవ్వింది. తర్వాత రావడం మానేసింది. ఆ రోజుల్లో ఎల్విన్ భోజనం దగ్గర ఒకే ఒక్కమాట అన్నాడు, "ఆ పేరు పెట్టకుండా ఉండాల్సింది," అని.

దుకాణంలో ఆ సీసా వెనక చిన్న అక్షరాలు ఉండడం ఆమె చూసింది. చదవలేదు. ప్రశ్న చివరిదాకా చదివి జవాబు రాయమని పిల్లలకు రోజూ చెప్పే మనిషి. ఎల్విన్ చదివాడు. క్రిస్మస్ పొద్దున, కళ్ళకు దూరంగా పట్టుకుని, అన్నీ చదివాడు.

"పీకేద్దాం," అన్నాడు క్లేటన్ మెల్లగా. "నా మందుతో దట్టిద్దాం. ఎవరూ ఏమీ అనుకోరు."

"ఇంకో దారి లేదా?"

"ఉంది. రంధ్రంలోంచి లోపలి మందు సూదితో కొంచెం గీకి తీసి, ఆ చోట్లో అసలు మందు పలుకు పలుకుగా ఎక్కించాలి. చాలా ఓపిక కావాలి. అదీ పేలుతుందని చెప్పలేను."

"సూది ఇలా ఇయ్యి."

ఆమె బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. బురద చలి లంగాలోంచి తగిలింది. సూదిని రంధ్రంలో పెట్టి గీకింది. బూడిదరంగు పలుకులు నాలుగైదు అరచేతిలో రాలాయి. తాను తెచ్చినవి. ఇంకాస్త గీకింది. క్లేటన్ తన కొమ్ములోంచి అసలు మందు, మెత్తగా నల్లగా ఉన్నది, మడిచిన కాగితం మీద పోశాడు. దాన్ని ఆమె సూదిమొనతో రంధ్రంలోకి తోసింది. తుపాకి కొయ్యను అరచేత్తో తట్టింది. మళ్ళీ తోసింది. ఇరవైమంది చూస్తూ నిలబడ్డారు. సూపు చల్లారిపోతోందని వంటశాల కిటికీలోంచి ఎవరో కేకేసి, ఎవరూ పలక్కపోయేసరికి ఊరుకున్నారు.

పావుగంట పట్టింది. లేచి నిలబడి, తుపాకి అందుకునేముందు ఆమె వరస వైపు తిరిగింది. తరగతిలో మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. ఆ గొంతు పెంచకుండానే చివరిదాకా వినిపిస్తుంది.

"డ్వేన్ చెప్పింది నిజం. ఇందులో ఉన్నది సీసా మందు. ఎల్విన్ కొనలేదు. నేను కొన్నాను. ఇది చెకుముకికి పనికిరాదని నాకు తెలియదు. ఆయనకు తెలుసు. నాతో చెప్పలేదు. దీన్ని పట్టుకునే అడవికి వెళ్ళాడు."

ఎవరూ నవ్వలేదు. కర్ర హారీ తల దించుకున్నాడు. డ్వేన్ టోపీ తీసి రెండు చేతుల్తో నలుపుతున్నాడు. ఒక్కరైనా నవ్వి, ఆమెకొక పేరు పెట్టి ఉంటే బాగుండేది. క్లేటన్ వైపు చూసింది. అతను తన కొమ్ముకు మూత బిగిస్తున్నాడు.

రంజకం ఆమే పోసుకుంది. తుపాకి భుజానికెత్తింది. ట్రిగ్గర్ నొక్కింది.

చిప్ప భగ్గుమంది. పొగ లేచింది. మెరుపుకూ ఉరుముకూ మధ్య లెక్కపెట్టమని ఏటేటా పిల్లలకు చెప్పే అలవాటు, తనకు తెలియకుండానే లోపల లెక్క మొదలుపెట్టింది. ఒకటి. గొట్టంలో ఎక్కడో బుస్సుమని చిన్న చప్పుడు. దుంగ మీద కూర్చున్న ఎల్విన్ కనిపించాడు. ఆమె తుపాకిని కదల్చలేదు. రెండు అనబోతుండగా అది పేలింది.

భుజం మీద గట్టిగా తన్నింది. కట్టలో మట్టి ఎగిరింది. మోత ఎదురు గట్టుకు కొట్టుకుని, వాగు వెంబడి పోయి పోయి ఆగింది. బూడిదరంగు పొగ చాలాసేపు చెదరలేదు.

ఆ తర్వాత వరసలో ఇరవై తుపాకులూ లేచాయి. అవన్నీ సరైన సమయానికే పేలాయి.

క్లేటన్ ఆమెను కారుదాకా దిగబెట్టాడు. తలుపు తీసి పట్టుకుని, "వచ్చేసారికి డోరిస్‌ని తీసుకొస్తాను," అన్నాడు.

"అడుగు ముందు," అంది లియోనా. "వస్తుందో రాదో."

"ఏమని అడగను?"

"నాకు తెలియదు క్లేటన్. నీ పెళ్ళాం."

ఇంటికి వచ్చి వేడినీళ్ళతో గొట్టం కడిగింది. ఆ మందు మసి ఇనుమును తినేస్తుందని ఎల్విన్ ఎప్పుడూ హెచ్చరించేవాడు. నీళ్ళు నల్లగా వచ్చి, బూడిదగా వచ్చి, చివరికి తేటగా వచ్చాయి. నూనె గుడ్డ తోసి ఆరబెట్టింది. కర్రను గొట్టంలోకి వదిలింది. ఖంగుమంది. పై గీత మూతి దగ్గరికి దిగింది.

తుపాకిని మేకులకు తగిలించి నోటుపుస్తకం ముందేసుకుని కూర్చుంది. బయట ఇంకా ఎండ ఉంది. డిసెంబరు ఇరవైతొమ్మిది వరసలో మందు అన్న ఖాళీ గడిలో, తన గుండ్రటి అక్షరాలతో, "సీసాది. లియోనా తెచ్చింది," అని రాసింది. పక్కనున్న గడిలో అతని వంకర అక్షరాలు. "ఏమీ కనపడలేదు." ఆ మాట మీద ఆమె పెన్సిలు ఆగింది. అది తప్పని ఆమెకిప్పుడు తెలుసు. జీవితమంతా తప్పు కనిపిస్తే దిద్దకుండా వదిలింది లేదు. దిద్దకుండానే పుస్తకం మూసింది.